వావిలాకుకు పరీక్ష

పుష్పాబాయి కాలు ఒకచోట నిలిచిందంటే ఆ రోజు ఆమెకు జ్వరమైనా వచ్చి ఉండాలి, నిద్రైనా పట్టి ఉండాలి. అన్నం తింటూ మధ్యలో లేచి బర్రెను అదిలిస్తుంది. బర్రెను అదిలించి వస్తూ పక్కింటి పొయ్యిలో కట్టె ఎగదోస్తుంది. ఆ ఇంటావిడ ఏదో చెప్పబోయేలోపు మూడో ఇంటి ముందు నిలబడి ఉంటుంది. ఆమె భర్త బిచ్చా ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉండే మనిషి. ఇద్దరికీ కలిపి దేవుడిచ్చిన కదలికంతా ఆమె ఒక్కతే తీసేసుకుందని తండాలో నవ్వుకుంటారు.

ఆ తండా మాడుగులపల్లి దాటి కాల్వగట్టు పట్టుకుని పోతే వస్తుంది. పుష్పాబాయి పుట్టింది ఆత్మకూర్ (ఎస్) దగ్గరి తండాలో. పెళ్లయి ఇక్కడికి వచ్చిన ఏడాది నుంచే నాట్లకు దిగింది. మోకాలి లోతు బురదలో నడుం వంచి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ ఎన్ని మళ్లు నాటిందో ఆమెకే తెలియదు. బురద ఊరికే పోనిస్తుందా? యాభై దాటేసరికి రెండు మోకాళ్లూ పట్టేశాయి. అయినా తిరగడం మానలేదు. నొప్పి నొప్పే, తిరుగుడు తిరుగుడే.

నొప్పికి మందు ఆమె ఇంటి ముందే ఉంది. కంచె పొడవునా వావిలి చెట్లు. అత్త ధర్మి నాటినవి, వాడే విధం కూడా అత్త నేర్పిందే. ఆకును పెనం మీద ఆముదంతో వెచ్చజేసి, వేడివేడిగా మోకాలి మీద పరిచి పాత చీరపేలికతో కట్టాలి. ధర్మి పోయాక ఆ పని పుష్పాబాయికి వచ్చింది. సాయంత్రమైతే తండాలో నడుములు, మోకాళ్లు, చీలమండలు పట్టేసినవాళ్లంతా ఆమె గడప దగ్గర చేరతారు. ఆమె కడుతుంది. తెల్లారి ఎదురుపడితే, “తగ్గిందా?” అంటుంది. “తగ్గిందక్కా” అంటారు. ఆ మాట చెవిన పడితే ఆమెకు పొద్దున తాగే చాయ్ కూడా అక్కర్లేదు.

అంత నిబ్బరంగా ఉన్న మనిషిని సూర్యాపేట ఎముకల డాక్టరు ఒక్క మాటతో కదిలించేశాడు. బిచ్చా తమ్ముడి భార్య జమునాకు మోకాలు కుండలా వాచి నడక రాకపోతే, పుష్పాబాయే వెంట తీసుకెళ్లింది. డాక్టరు కట్టు విప్పి, మోకాలి మీద పచ్చటి మరక చూసి, ఇదేమిటన్నాడు. పుష్పాబాయి గర్వంగానే చెప్పింది. ఆయన పక్కనున్న నర్సు వైపు తిరిగి నవ్వాడు.

“ఆకులు కడ్తే అరిగిన చిప్ప మళ్ల మొలుస్తదా అమ్మా? ఉత్తదే ఇదంత” అన్నాడు.

తిట్టి ఉంటే తిరిగి తిట్టేది. నవ్వాడు. తల కొట్టేసినట్టయి బయటికొచ్చింది. బస్సులో జమునా ఏదో మాట్లాడుతూనే ఉంది కానీ ఆమెకు ఒక్క ముక్క వినపడలేదు. ఉత్తదే అన్నాడు. అత్త ఉత్తదే చేసిందా? తాను ఇన్నేళ్లూ ఉత్తదే కట్టిందా? ఆ రోజు మొదలు పుష్పాబాయికి కూడు సయించలేదు. ఎవరికైనా కట్టు కట్టేటప్పుడు చేతులు ఆగిపోయేవి. “ఏం ఆలోచిస్తున్నవ్ అక్కా?” అని అడిగితే, “ఏం లేదు” అని గట్టిగా ముడేసేది.

అలాంటి సమయంలో రజిత వచ్చింది. కోదాడలో ఒక ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పే అమ్మాయి. ఊళ్లలో వాడే ఆకుమందుల వివరాలు అడుగుతూ తిరుగుతోంది. తండాలో ఎవర్ని కదిపినా పుష్పాబాయి పేరే చెప్పారు. రజిత కంచె దగ్గర నిలబడి ఆకు నలిపి వాసన చూస్తుంటే పుష్పాబాయి ఉండబట్టలేక అడిగేసింది.

“బిడ్డా, సదువుకున్నదానివి. గీ ఆకు ఉత్తదా, నిజమా? అదొక్కటి సెప్పిపో.”

“అలా చూసి చెప్పలేనమ్మా. పరీక్ష పెట్టాలి” అంది రజిత.

“పెట్టు మరి!”

రజిత నవ్వి ఊరుకుంటుందనుకుంది గానీ, ఆ అమ్మాయి నిజంగానే కాలేజీలో అడిగి, అనుమతులు తెచ్చి, మిర్యాలగూడ డాక్టరు ఒకాయన్ను కూడగట్టుకుని వానాకాలం నాట్లు అయ్యేసరికి మళ్లీ దిగింది. నొప్పులున్న వాళ్లలో సగంమందికి వావిలాకు కాచిన నూనె, సగంమందికి ఉత్త నూనె. రెండింటికీ ఒకే రంగు, ఒకే వాసన వచ్చేట్టు చేశారు. సీసా మీద అంకె తప్ప ఇంకేమీ ఉండదు. ఎవరికి ఏది వచ్చిందో నూనె రాసుకునేవాళ్లకూ తెలియదు, అడిగే రజితకూ తెలియదు.

“ఉత్త నూనె ఎందుకు బిడ్డా? మోసం కాదా?” అంది పుష్పాబాయి.

“రెంటిలో ఏదో ఒకటే వస్తుందని ముందే చెప్పి, ఒప్పుకున్నవాళ్లకే ఇస్తామమ్మా. మీరు పక్కపక్క మళ్లలో ఒకదానికి యూరియా చల్లి, ఒకదానికి చల్లకుండా వదిలేస్తే కదా యూరియా పని చేసిందో లేదో తెలిసేది? ఇదీ అంతే. ఆకు నూనె వాళ్లకి ఎక్కువ తగ్గి, ఉత్త నూనె వాళ్లకి తగ్గకపోతే, మీ ఆకు నిజమన్నట్టు.”

ఇది పుష్పాబాయికి ఠక్కున అర్థమైంది. అర్థమైన తర్వాత ఆగుతుందా? అదే పూట తండా అంతా ఒంటికాలి మీద తిరిగింది. మొదట ఎవరూ ముందుకు రాలేదు. సంతకాలు అంటున్నారు, ఫోటోలు అంటున్నారు, మనకెందుకొచ్చిన పరేషాన్ అన్నారు. పుష్పాబాయి గడప గడపకూ పోయి గడ్డం పట్టుకుని బతిమాలింది.

“జర రాయించుకోండ్రే. సూర్యాపేట డాక్టర్ మనల్ని సూసి నవ్విండు. నా ఇజ్జత్ ఇగ మీ చేతుల్లనే ఉన్నది.”

ఆ మాట పని చేసింది. మధ్యాహ్నానికి స్కూలు వరండా నిండిపోయింది. తన పేరు కూడా రాయమంటే రజిత ఒప్పుకోలేదు. ఆకు ఇచ్చిన మనిషే పరీక్షలో ఉండకూడదంది. దాంతో పుష్పాబాయి ముఖం మాడ్చుకుంది కానీ, మిగతావాళ్లందర్నీ చూసి సర్దుకుంది.

అసలు కష్టం అక్కడి నుంచి మొదలైంది. పనిచేయడం ఆమెకు కష్టం కాదు, కాచుక్కూర్చోవడం కష్టం. రజిత వారం వారం వచ్చేది. వచ్చినప్పుడల్లా చేసే మొదటి పని పుష్పాబాయిని వరండా నుంచి పంపించేయడం.

“మీరు ఎదురుగా ఉంటే వాళ్లు మొహమాట పడతారమ్మా. కాసేపు అలా వెళ్లి రండి.”

ఎక్కడికని వెళ్తుంది? మేక తప్పిపోయిందని ఒకసారి, దోస పాదు చూడాలని ఒకసారి, వంక పెట్టుకుని స్కూలు వెనకాలే తిరిగేది. గది కిటికీలోంచి చూస్తే గుమ్మం అవతల వరండా కనపడేది. రజిత చేతిలో బొమ్మల అట్ట ఉండేది. ఒక చివర పకపకా నవ్వే మొహం, ఇంకో చివర ఏడుపు మొహం, మధ్యలో రకరకాలు. నీ నొప్పి ఏ మొహంలా ఉందో వేలుపెట్టి చూపించాలి. తర్వాత కుర్చీలోంచి లేచి గోడదాకా నడిచి వచ్చి కూర్చోవాలి. రజిత ఫోన్‌లో టైం చూస్తుంది.

మొదటిరోజు అందరి వేళ్లూ ఏడుపు మొహాల దగ్గరే ఉన్నాయి. పోనుపోను నవ్వు మొహాల వైపు జరుగుతూ వచ్చాయి. తండా చివరింటి మంగ్లీ, మంచం దిగాలంటే మనిషి సాయం కావాల్సిన మంగ్లీ, ఒకరోజు కుర్చీలోంచి దిగ్గున లేచి గోడదాకా పోయి వచ్చింది. పుష్పాబాయి కిటికీ అవతల చీరకొంగు నోట్లో కుక్కుకుంది, లేకపోతే కేక వేసేదే. తెల్లారి అదే మంగ్లీ గోడ పట్టుకుని కుంటుతూ కనిపించింది. నిన్న ఎక్కువ నడిచింది కదా, అందుకే అయి ఉంటుందనుకుని దాటిపోయింది.

పరీక్ష ముగిసింది. లెక్క తేల్చడానికి రోజులు పట్టాయి. ఈమె రోజూ ఫోన్ చేసేది. “ఎందాక వచ్చింది బిడ్డా?” “ఇంకా చూడలేదమ్మా.” పెట్టేసి, కాలుగాలిన పిల్లిలా వాకిలంతా తిరిగేది. బిచ్చా చుట్ట పక్కన పెట్టి, “కూసో జర. నువ్ తిరిగితే లెక్క జల్ది అయితదా?” అన్నాడు. ఆయన ఏడాదికి అలాంటి మాట ఒకటి అంటాడు. పుష్పాబాయి కూర్చుంది, రెండు దమ్ములు లాగేంతసేపు.

యాసంగి నాట్లకు నారు పోసే రోజుల్లో రజిత వచ్చింది. ఈసారి బొమ్మల అట్ట లేదు. మంచం మీద కూర్చుని నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టింది.

“ఏ సీసా ఎవరిదో విప్పి చూశామమ్మా. అందరికీ బాగా తగ్గింది.”

“సూసినవా! అందరికి!” పుష్పాబాయి చేతులు జోడించి కంచె వైపు తిరిగి దండం పెట్టింది. రజిత ఆమె మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

“వినండమ్మా. అందరికీ ఒకేలా తగ్గింది. ఉత్త నూనె రాసుకున్నవాళ్లకి కూడా అంతే. ఎక్కడా తేడా లేదు. అంటే తగ్గడానికి కారణం మీ ఆకు అని చెప్పడానికి లేదు.”

యూరియా చల్లిన మడీ, చల్లని మడీ ఒకే ఎత్తు పెరిగాయన్నమాట. పుష్పాబాయి కంచె వైపు చూసింది. మరుక్షణం ఆమెకు గోడ పట్టుకుని కుంటిన మంగ్లీ గుర్తొచ్చింది. ఉత్త నూనెకైనా, ఆకు నూనెకైనా, దానికి తగ్గిందెక్కడ?

రజిత పిలుస్తున్నా వినకుండా లేచి పోయింది. మంగ్లీ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

“మంగ్లీ, నవ్వు మొహం మీద వేలు పెట్టినవు గదా. నిజం సెప్పు. తగ్గిందా?”

మంగ్లీ కాయల వైపే చూసింది. “యాడీ, గిప్పుడెందుకు గవన్ని?” అంది. యాడీ అంటే లంబాడీలో అమ్మ.

“సెప్పు!”

“తగ్గలే.”

“మరి గంత ఉరికినవ్?”

“పండ్లు బిగబట్టి ఉరికిన. రాత్రంత ఏడ్సిన. నీ ఇజ్జత్ మా చేతుల్ల ఉన్నదంటివి గదా. పరాయోళ్ల ముందట తగ్గలేదని ఎట్ల అంటం?”

పుష్పాబాయి ఇంకో ఇంటికి పోయింది. అక్కడా అదే. ఇంకో ఇల్లు. అదే. ఎవరూ ఒకచోట చేరి అనుకున్నది కాదు. ఎవరికి వారే ఆమె పరువు కాపాడారు. ఆకు నూనె వచ్చినవాళ్లు కాపాడారు, ఉత్త నూనె వచ్చినవాళ్లూ కాపాడారు. అందరూ కలిసి కాపాడి కాపాడి ఆకును ఉత్తదని తేల్చారు. ఆమెకు ఏడవాలో నవ్వాలో తోచలేదు. వాళ్ల మీద కోపం రాలేదు. తన నోటి మీద వచ్చింది.

చివరికి జమునా దగ్గర ఆగింది. జమునా అందరిలాంటిది కాదు, ఇన్నేళ్లుగా వారానికి రెండుసార్లైనా కట్టు కట్టించుకునే మనిషి.

“నువ్వు కూడనా?”

“ఊ” అంది జమునా.

ఇక ఆగిపోవచ్చు. తెలియాల్సింది తెలిసింది. కానీ పుష్పాబాయికి ఇంకో ప్రశ్న మిగిలింది. అడగకపోతే ప్రాణం పోయేట్టుంది, అడిగితే ఇంకా ఘోరం.

“నూనె సంగతి కాదు. నేను కట్టే కట్టు. ఇన్నేండ్ల సంది తగ్గింది తగ్గింది అన్నవు గదా. ఎన్నడన్న తగ్గిందా?”

జమునా తలెత్తి ఆమె కళ్లలోకి చూసింది. “కట్టినప్పుడు జర ఎచ్చగ మంచిగుంటది. తెల్లారితే మళ్ల గంతే అక్కా.”

సూర్యాపేట డాక్టరు నవ్వు దీని ముందు ఏపాటిది? ఆయన పరాయివాడు. పుష్పాబాయి ఇంటికొచ్చి కంచె చుట్టూ తిరిగింది, ఆకు తుంచింది, పారేసింది. అత్త ఉన్నప్పుడు కూడా ఇలాగే అనేవాళ్లా? ఒక్కరికైనా నిజంగా తగ్గి ఉంటుందా? తగ్గి ఉంటే ఎవరికి తగ్గిందో ఎట్లా తెలియాలి, అందరూ ఒకే మాట చెబితే?

తెల్లారి మిర్యాలగూడ పోయి కోదాడ బస్సెక్కింది. కండక్టరు, “సీటు ఖాళీ గదమ్మా, కూసో” అంటే కూర్చుంది, నేరేడుచర్ల రాకముందే లేచింది. హుజూర్‌నగర్‌లో బస్సు ఆగితే దిగి ఎక్కింది. నిన్న రజిత ముఖం చూడకుండా పరుగెత్తింది, ఇవాళ ఆ అమ్మాయి ముందు నిలబడి చెప్పాలి. ఎట్లా మొదలుపెట్టాలో కోదాడ వచ్చేదాకా తేలలేదు.

కాలేజీలో రజిత స్టాఫ్ రూంలో కూర్చోబెట్టింది. పుష్పాబాయి నిలబడే చెప్పేసింది, మంగ్లీ పరుగుతో సహా. రజిత వింటూ వింటూ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

“మొత్తం పక్కన పడేయాలమ్మా” అంది. “ఏడాది పని. మా సార్‌కి ఏం చెప్పాలో…”

“నా నోటి తోని అయింది బిడ్డా. మళ్ల పెట్టరా?”

“పెట్టాలంటే వేరే చోట పెట్టాలి. హుజూర్‌నగర్ వైపు ఊళ్లలో, మిమ్మల్ని ఎరగనివాళ్ల దగ్గర. ఈ ఆకు ఎవరిదో, ఎక్కడిదో చెప్పకూడదు. మీ పేరు ఎక్కడా వినపడకూడదు.” రజిత కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. “రేపు ఆకు నిజమని తేలినా, అక్కడ ఎవరికీ మీరెవరో తెలియదు. ఉత్తదని తేలితే అదీ మీకే చెప్పాలి. కావాలా మీకు?”

పేరు కోసమే కదా ఇంత తిరిగింది. పుష్పాబాయి కిటికీలోంచి బయటికి చూసింది.

“నా పేరు సెప్పకుండ్రి. గది తేల్సుండ్రి సాలు.”

“మీకు తగ్గుతుందా అమ్మా?” అంది రజిత హఠాత్తుగా. “మీరూ కట్టుకుంటారు కదా రోజూ.”

“తగ్గుతది” అనబోయింది. నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్లూ అందరి నోటా విన్న మాట, తన మోకాళ్ల గురించి తాను కూడా అదే అనుకుంటూ వచ్చింది. కట్టుకోవడమే గానీ, తెల్లారి లేచి తగ్గిందా అని తన కాలును తాను ఎప్పుడు అడిగింది?

“తెల్వది బిడ్డా” అంది. అప్పుడు కూర్చుంది. “నిజంగ నాకు తెల్వది.”

ఇంటికొచ్చిన సాయంత్రం ఆమె పెనం ముట్టలేదు. వచ్చినవాళ్లను వచ్చినట్టే పంపేసింది. తేలేదాకా కట్టనని చెప్పింది. బిచ్చా ఒకసారి ఇటు చూసి, మంచం ఆమె వైపు జరిపాడు. కూర్చుంది. కట్టు లేని మోకాళ్లు పోటెత్తుతున్నాయి. ఇంత నొప్పి ఎప్పుడూ ఉండేదేనా, కొత్తదా అని లెక్క చూసుకుంటుండగా జమునా వచ్చి గడప మీద కూలబడి కాళ్లు చాపింది.

“కట్టు అక్కా.”

“తగ్గలేదంటివి గదనే!”

“తగ్గలేదన్న. కట్టొద్దన్ననా?”

పుష్పాబాయి మంచం మీది నుంచి లేచింది. పొమ్మనాలనుంది. కోపంగానూ ఉంది. కానీ కాళ్లు వాటంతటవే కంచె దగ్గరికి పోయాయి. ఆకు తుంచి, పెనం పెట్టి, ఆముదం వేసి వెచ్చజేసి తెచ్చింది. జమునా కాలు ఒళ్లోకి తీసుకుని, ముందు మోకాలి చుట్టూ బొటనవేలితో మెల్లగా నొక్కింది. “తగ్గిందా?” అనే మాట అలవాటుగా వచ్చేది, మింగేసింది.

“ఎట్లున్నది?” అంది.

“నొస్తున్నది” అంది జమునా.

ఆ గడప మీద ఆ మాట పుష్పాబాయి వినడం ఇదే మొదటిసారి. చెయ్యి తీయలేదు. వేలు కొంచెం కిందికి జరిపి, చిప్ప పక్కన ఆపింది.

“గీడనా?”